యాదయ్య స్పీకర్ల జోడు

కోదాడ ఫంక్షన్ హాలు స్టోర్ రూములో, విరిగిన కుర్చీల కింద ఆ రెండు స్పీకర్లు కనబడగానే ఉపేందర్ మొదట చేసిన పని వాటిని బోర్లా తిప్పడం. మొహం చూసి పాత స్పీకర్‌ను పోల్చుకునేవాడు మెకానిక్కే కాడని అతని ఉస్తాద్ యాదయ్య అంటుండేవాడు. మొహానికి ఎవడైనా రంగు పూస్తాడు, వీపు మీద ఫ్యాక్టరీలో కొట్టిన నంబరు జోలికి ఎవడూ పోడు. తుప్పును బొటనవేలితో రుద్దితే ఒకదాని మీద 417, రెండోదాని మీద 418 తేలాయి. ఇరవై ఏళ్లుగా యాదయ్య మతిలో పెట్టుకుని తిరుగుతున్న నంబర్లు అవే.

మ్యాగ్నెట్ కూడా సరిపోయింది. ఇప్పటి స్పీకర్లకు వెనక రొట్టెలాంటి నల్ల చక్రం ఉంటుంది. వీటికి పిడికిలంత ఉక్కు డబ్బా, దాని లోపల మ్యాగ్నెట్. హాలు ఓనరు ప్రభాకర్, ఆ తుక్కు తీసుకుపోతే తనకే మేలని చెప్పి, అడక్కుండానే రెండు గోనె సంచులు కూడా ఇప్పించాడు. సూర్యాపేట బస్సులో ఉపేందర్ ఆ సంచులను ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

యాదయ్యది మిర్యాలగూడ. ముప్ఫై ఏళ్లు మైక్ సెట్టు నడిపాడు. మాడుగులపల్లి నుంచి సాగర్ దాకా ఆయన మైకు కట్టని పెళ్లి పందిరి లేదు, వాయించని జాతర లేదు. డీజే బాక్సులొచ్చాక ఈ జోడును అమ్ముకున్నాడు గాని మనసులోంచి దించుకోలేకపోయాడు. అన్నేళ్ల చప్పుడు చివరికి ఆయన చెవుల మీదే పడింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత వినబడుతుంది, ఆ కొంత కూడా ఎక్కువ నెలలు నిలవదని డాక్టర్ చెప్పాడు. అది విని యాదయ్య ఏడవలేదు. నేరుగా సూర్యాపేటలో ఉపేందర్ దుకాణానికి వచ్చి ఒకే మాట అడిగాడు.

"చెవులు మూతవడే లోపల నా జోడు ఒక్కసారి ఇనాలె బిడ్డా."

పదమూడేళ్ల వయసులో గొర్రెల వెంట తిరుగుతున్నవాణ్ని తెచ్చి, చేతిలో సోల్డరింగ్ గన్ పెట్టిన మనిషి. ఉపేందర్ కాదనే మాటే లేదు. ఎక్కడెక్కడో వెదికి ఆ జోడును పట్టాడు. ఇక బాగు చేయాలి. హైదరాబాద్ పంపి చేయించే తాహతు అతనికి లేదు, ఉన్నదాంతోనే కానివ్వాలి. లోపలి తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, బతికుందో లేదోనని గోడ గడియారంలో సెల్ తీసి వైర్లకు తాకించాడు. రెండూ టప్ మన్నాయి. కాగితపు కోన్ చిరిగినచోట పతంగి కాగితం రెండు పొరలు వేసి, పలచటి జిగురుతో అంటించాడు. అంచున కుళ్లిపోయిన బట్టకు బదులు భార్య రజని పాత గొడుగు బట్టను గుండ్రంగా కత్తిరించాడు. వాన పడితే నేనేం పట్టుకోవాలని రజని సణిగింది, కాని కత్తెర అందించింది.

అంతా కుదిరినా ఒక్క గరగర మాత్రం పోలేదు. కోన్‌ను వేళ్లతో మెల్లగా నొక్కితే లోపల కాయిల్ తుప్పుకు రాసుకుంటోంది. పద్ధతి ప్రకారమైతే ముందు నుంచే, కాయిల్ చుట్టూ ఉన్న సన్నటి సందులోకి మడిచిన టేపు దూర్చి రవ్వరవ్వగా తుప్పు లాగాలి. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ మాటే యాదయ్య బిడ్డ శోభకు ఫోన్‌లో చెప్పాడు. మొన్న పక్కనే కూర్చుని కూడా నాయినకు కుక్కర్ విజిల్ వినబడలేదని ఆమె చెప్పింది.

అప్పుడు ఉపేందర్‌కు ఉక్కు డబ్బాను విప్పేసి తుప్పును ఒక్క పూటలో తుడిచేద్దామనే ఆలోచన వచ్చింది.

విప్పొద్దని ఉస్తాద్ చెప్పకపోలేదు. కాని ఎట్లా చెప్పాడు? మైకు కట్టే ముందు ఆంప్లిఫయర్‌కు బొట్టు పెట్టాలి, మొదటి పాట దేవుడిదే ఉండాలి, వైరు దాటొద్దు, అమావాస్య నాడు హారన్ అరువియ్యొద్దు, డబ్బా మ్యాగ్నెట్ ఇప్పొద్దు, ఇప్పితే దాని పానం పోతది. అన్నీ ఒకే గొంతుతో, ఒకే వరసలో చెప్పాడు. ఉపేందర్ పెద్దయ్యాక వైర్లు దాటాడు, కాళ్లు బాగానే ఉన్నాయి. అమావాస్య నాడు హారన్ ఇచ్చాడు, తీసుకుపోయినవాడు తుడిచి మరీ తెచ్చిచ్చాడు. నల్ల చక్రం స్పీకర్లను పదులకొద్దీ విప్పి బిగించాడు, ఒక్కదానికీ ఏమీ కాలేదు. దాంతో ఈ చివరి మాటను కూడా బొట్టూ అమావాస్యల గాటనే కట్టేశాడు. ఉస్తాద్‌ను ఒకసారి అడగరాదా అని రజని అంది. చెవిటాయనకు ఫోన్‌లో ఏం అరుస్తానని ఆమెనే కసిరాడు.

మొదటిదాన్ని విప్పి, తుప్పు తుడిచి, మళ్లీ బిగించాడు. గరగర మాయమైంది. ఆ సంబరంలో, పాట పెట్టి చూడకుండానే రెండోదాన్నీ విప్పాడు. రెండోదానికి కూడా పుణ్యం దక్కనీ అనుకున్నాడు పాపం. స్క్రూల మీద పడిన గీతలు కనబడకుండా ఆకుపచ్చ రంగు వేసి, కొత్త సరుకులా మెరిసేట్టు తుడిచాడు. అంతా అయ్యాకే రెండింటికీ పాట పెట్టాడు.

పాట వచ్చింది, గరగర లేదు. కాని ఆ పాటలో బలం లేదు. జ్వరపడి లేచిన మనిషి మాట్లాడినట్టు, నీరసంగా, ముద్దగా ఉంది. వాల్యూమ్ పెంచితే గొడుగు బట్ట ఊగింది తప్ప గొంతు లేవలేదు. ఆంప్లిఫయర్ మార్చాడు, వైర్లు మార్చాడు. చివరికి ఒకప్పుడు స్పీకర్ల కంపెనీలో పనిచేసిన సైదయ్యకు ఫోన్ చేశాడు. సైదయ్య తిట్టను కూడా తిట్టలేదు. ఆ రకం మ్యాగ్నెట్‌ను డబ్బాలోంచి పెరికిన క్షణానే సగం బలం పోతుందని, మళ్లీ పెట్టినా తిరిగి రాదని చెప్పాడు. బలం ఎక్కించే మిషన్ తన కంపెనీలో ఉండేదట. ఆ కంపెనీయే ఇప్పుడు లేదు.

బొట్టుతో పాటు చెప్పినంత మాత్రాన ఆ మాట మూఢనమ్మకం కాదని అప్పుడు ఉపేందర్ తలకెక్కింది. ఇంకో జోడు వెదకడానికి యాదయ్య చెవులకు వ్యవధి లేదు. ఆదివారం జోడును తెమ్మని శోభ అప్పటికే చెప్పేసింది, ఆయన ఆ రోజు కోసం గడ్డం కూడా గీయించుకున్నాడట.

మిర్యాలగూడలో యాదయ్య వాకిట్లో రెండు బల్లలు వేసి ఉన్నాయి. స్పీకర్లను దించగానే ఆయన వాటి వీపులు తడిమి, నంబర్లు చదువుకుని, బొట్టు పెట్టాడు. తర్వాత ఇరవై అడుగులు వెనక్కి నడిచి నిలబడ్డాడు. సెట్టును దగ్గరుండి వినకూడదు, జనం ఉన్నచోట నిలబడి వినాలనేది ఆయన పద్ధతి. ఉపేందర్ దేవుడి పాట పెట్టాడు. ఇంకా పెంచమని యాదయ్య చెయ్యి లేపాడు. పెంచాడు. మళ్లీ లేపాడు. ఇక పెంచడానికి ఏమీ మిగలలేదు. పైకి లేచిన ఆ చెయ్యి కాసేపు అట్లాగే ఉండి, మెల్లగా కిందికి దిగింది. ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అయిపోయింది బిడ్డా. ఈ జోడు ఇనబడ్తలేదంటే ఇగ నా చెవుల్ల ఏం లేనట్టే."

ఉపేందర్ ఆయన కుడి చెవి దగ్గర కూర్చున్నాడు.

"నీ చెవులు కాదు ఉస్తాద్. నేనే మ్యాగ్నెట్ ఇప్పిన. రెండు గూడ ఇప్పిన. జోడునే ఖరాబ్ చేసిన."

యాదయ్య అతని మొహంలోకి చూసి నవ్వాడు. దొంగతనం ఒప్పుకునే పిల్లవాణ్ని నమ్మని తండ్రి నవ్వు అది.

"నేను నేర్పినోడు గా పని చెయ్యడు. ముసలోడు ఏడుస్తడని మీదేసుకుంటున్నవ్."

"ఒట్టు ఉస్తాద్. నా మాట ఇనబడ్తలేదా నీకు?"

"చెవి కాడ మొత్తుకుంటే గోడ గూడ ఇంటది."

ఉపేందర్ ఒక స్పీకర్‌ను తిప్పి వెనక స్క్రూలు చూపించాడు. వాటి మీద చిన్న గీత కూడా లేదు, రంగు అంత నున్నగా ఉంది. ఆ రంగు వేసింది తనే. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి మ్యాగ్నెట్ దగ్గర పెట్టాడు, అది టక్కున అంటుకుంది. బలం తగ్గింది గాని ఇనుము అంటనంతగా తగ్గలేదు. యాదయ్య దాన్ని చూసి మెచ్చుకోలుగా తలూపాడు. సహాయం కోసం ఉపేందర్ శోభ వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ, మా నాయిన కోసం ఎంత తండ్లాడుతున్నావన్నా అంది.

యాదయ్య చెవికున్న మిషన్ తీసి, దాని బ్యాటరీ ఊడదీసి శోభ చేతిలో పెట్టాడు. ఇక దీనితో పని లేదని, ఎవరికన్నా అక్కర ఉన్నోళ్లకు ఇవ్వమని చెప్పాడు. ఉపేందర్ ఆయన రెండు చేతులూ పట్టుకుని, మిషన్ పెట్టుకో ఉస్తాద్, నీకింకా వినబడుతుంది అని అరిచాడు. పక్కింటి వాళ్లు తొంగి చూశారు. యాదయ్యకు అతని పెదాలు కదలడమే కనబడింది.

ఆయన లేచి స్పీకర్ దగ్గరికి పోయాడు. పాట ఇంకా నడుస్తోంది. పతంగి కాగితం అంటించినచోట వేలు ఆనించి, ఆ అదురును కాసేపు పట్టి చూశాడు. తర్వాత వచ్చి ఉపేందర్ తల మీద చెయ్యి పెట్టాడు.

"పని మంచిగ చేసినవ్ బిడ్డా," అన్నాడు, అవసరం లేనంత గట్టిగా.