ఉగ్గుగిన్నెకు తెలిసిన గ్రహణం

నేను ఒక ఉగ్గుగిన్నెని. విజయనగరం దగ్గర ఒక కంచరి నన్ను కంచుతో పోతపోసి, అంచుని ఒకచోట ముందుకు సాగదీసి, పాలు జారడానికి సన్నని మూతి పెట్టాడు. అక్కడ అంచు విడిపోయి ఉంటుంది కాబట్టే నేను పనికొస్తాను. చూసినవాళ్లంతా ముచ్చటపడ్డారు తప్ప, నన్ను పోతపోసిన రోజు గ్రహణం పట్టిందా అని ఎవరూ అడగలేదు. మనుషుల పిల్లలకు అంత అదృష్టం లేదు.

వరహాలమ్మ కాపురానికి వస్తూ నన్ను తెచ్చుకుంది. ఒక్క బిడ్డకే వాడింది. ఆ తర్వాత పాత గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పడేసింది. రెండో కాన్పులో పుట్టిన కొడుకు సింహాచలం తల్లిపాలు సుబ్బరంగా తాగాడు, నా అవసరం రాలేదు. ముప్పై ఆరేళ్లు ఆ పెట్టెలో పడి ఉన్నాను.

నన్ను బయటికి తీసింది కోడలు నీలవేణి. ఆమెకు పుట్టిన ఆడపిల్లకు పైపెదవి ముక్కు దాకా చీలి ఉంది. లోపల అంగిలిలోనూ సందు ఉంది. రొమ్ము పట్టి చప్పరించలేదు. ఆస్పత్రిలో చెంచాతో పట్టమన్నారు. ఎలా పట్టాలో చూపించే తీరిక ఎవరికీ లేకపోయింది. మూడో నెలకు ఐదు కిలోలు తూగితే పెదవి కుడతామన్నారు. ఇంటికి వచ్చేనాటికి పిల్ల రెండు కిలోల ఆరువందల గ్రాములు.

ఇలాంటి పెదవిని మనవాళ్లు గ్రహణమొర్రి అంటారు. తీర్పు పేరులోనే ఉంది, ఇక విచారణ ఎందుకు? గ్రహణం నాడు కోడలు వంకాయలు కోసిందని వరహాలమ్మ వీధంతా చెప్పింది. కోసిన మాట నిజమే. అత్తగారికి ఆకలేస్తోందని కోసింది. ఆ సంగతి మాత్రం వీధిలోకి వెళ్లలేదు.

ఉగ్గుగిన్నె చేతికొస్తే మన ఆడవాళ్లు కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి పాలు పోస్తారు. నీలవేణీ తన తల్లి దగ్గర చూసినట్టే చేసింది. అంగిలి సరిగా లేని పిల్లకు ఆ పాలు ముక్కులోకి వచ్చేవి, పొలమారేది. తాగినదానికంటే కారిపోయింది ఎక్కువ. వారం తిరిగేసరికి పిల్ల నూట యాభై గ్రాములు తగ్గింది. నేను కనిపిస్తే చాలు, వరహాలమ్మ లేచి అరుగు మీదికి వెళ్లిపోయేది. మనవరాలంటే రోత అనుకుంది నీలవేణి. అది భయమని నాకొక్కదానికే తెలుసు.

ఒక మధ్యాహ్నం పాలు పోస్తుండగా పిల్ల ఏడుపు తెగిపోయింది. ముక్కులోంచి పాలు వచ్చాయి, ముఖం నీలంగా మారుతోంది. నా మూతి ఇంకా ఆ పెదవుల మధ్యే ఉంది. జారి కిందపడాలనుకున్నాను, గిన్నె తనంతట తాను పడగలదా? నీలవేణికి చేతులాడలేదు. అరుగు మీంచి వరహాలమ్మ పరుగున వచ్చింది. నన్ను తోసిపారేసి, పిల్లను ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు తట్టింది. మళ్లీ తట్టింది. ఇంకోసారి తట్టింది. పిల్ల కెవ్వుమంది. నేల మీద దొర్లుతూ ఆ ఏడుపు విని నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

"కాళ్ల మీద పడుకోబెట్టకు. కూకోబెట్టి, తలెత్తి పట్టుకో. చుక్క చుక్క పొయ్యి," అంది వరహాలమ్మ. కాసేపటికి గోడకు చేరగిలబడింది. "నా పెద్దగుంట ఇలాగే పోయింది. నానే పాలు పోసీసాను."

ఆ రోజు ఆమె చేతిలో ఉన్నది నేనే. ఆమె పెద్దకూతురికీ ఇదే పెదవి. పేరు పెట్టకముందే పోయింది.

ఆనాటి నుంచి అత్త పిల్లను నిటారుగా పట్టుకునేది, కోడలు నన్ను వంచేది. రెండు గంటలకోసారి, గంటసేపు. నర్సు తక్కెడలో వేసిన ప్రతిసారీ ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు. మూడో నెల దాటాక ఒక సోమవారం ముల్లు ఐదు కిలోల గీత మీద ఆగింది.

విశాఖలో ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉందా అని అడిగింది. నీలవేణి తలదించుకుని గ్రహణం సంగతి మొదలుపెట్టింది. వరహాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"దాని తప్పేటీ నేదు డాక్టరమ్మా. నా పెద్దగుంటకీ ఉండీది," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్లీ తీసింది. "అది నా కడుపులో ఉన్నన్నాళ్లూ గ్రహణమే పట్టనేదు. అయినా మా అత్త నన్నే అంది. నాను దీన్ని అన్నాను."

గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని, కొన్ని ఇళ్లలో వంశంలో వస్తుందని, కొన్నిసార్లు ఎందుకొస్తుందో తమకూ తెలియదని డాక్టరమ్మ చెప్పింది. తెలియదని ఒప్పుకున్న మనిషిని నేను చూడటం అదే మొదలు.

పెదవి కుట్టారు. అంగిలి ఏడాది నిండాక చేస్తారట. ఇంటికి బయల్దేరే రోజు, పక్క మంచం దగ్గర ఒక పచ్చిబాలింత నేల మీద కాళ్లు చాపి, మొర్రి ఉన్న బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుని చెంచా ఎత్తింది. వరహాలమ్మ నన్ను తీసుకుని గబగబా అటు నడిచింది. ఆ బాలింత బెదిరిపోయి, గ్రహణం నాడు తాను తెలియక బయటికి వచ్చానని చెప్పబోయింది.

వరహాలమ్మ నన్ను ఆమె చేతిలో పెట్టింది. "అదంతా వొగ్గీ తల్లీ. ముందు బిడ్డని కూకోబెట్టు."