చేటెడు తవుడు

తవిటయ్య గల్ఫులో ఎవరి సొమ్మో మింగేసి జైల్లో పడ్డాడంట, అందుకే మన పోలీసులు ఇక్కడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చారంట అని ఆటో జోగయ్య చెప్పగా విన్నానంది ఇడ్లీల సుభద్రమ్మ. జోగయ్య స్వయంగా చూసింది లేదు. అతనికి లాడ్జి వాచ్‌మన్ చెప్పాడు. ఆ వాచ్‌మన్ చూసినదల్లా ఒక పోలీసు బండి ఆపుకుని మజ్జిగ తాగడం. మిగిలిన వంటంతా అరసవల్లి గుడివీధిలో నోరు మారినప్పుడల్లా కొంత కొంత ఉడికింది.

"నీ నోరు పడిపోను సుబద్రా! మా గుంటడు జైల్లో ఉంటాడేటే? పొద్దున్నే గదా పోన్లో మాటాడినాడు!" అంది గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టు మరిడమ్మ, కాయ పీచు లాగుతూ.

"నానన్నానేటొదినా? జోగయ్యన్నాడు. పోలీసోడు నీ కొట్టుకాడే ఆగేడంట గదా. ఏటడిగేడు?"

"ఎవులిల్లో అడిగేడు. లేదన్నాను. పోయేడు."

అందులో అబద్ధం లేదు. కానీ ఆ పోలీసు అడిగింది ఏ పేరో మరిడమ్మ చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

పోలీసు వచ్చిన వేళ ఆదివారం కాదు గనక వీధిలో యాత్రికుల సందడి లేదు. మిట్టమధ్యాహ్నం. నల్లటి బుల్లెట్టు బండి ఒకటి దున్నపోతులా రొప్పుకుంటూ వచ్చి కొట్టు ముందు నిలబడింది. మీద బుర్రమీసాల మనిషి. దిగకుండానే చేతిలో కాగితం చూసుకుని, "భీమశంకరరావు ఇల్లెక్కడమ్మా?" అన్నాడు.

మరిడమ్మ చేతిలోని కాయ జారి కాలువ దాకా దొర్లింది.

వెనకటికి కిరాణా కొట్టు పార్వతీదేవికి మొదటి ఇద్దరు బిడ్డలూ పురిటింట్లోనే పోయారు. మూడోవాడు పుట్టగానే పెద్దలు చెప్పినట్టు వాణ్ణి చేటలో పడుకోబెట్టి వీధి చివర పెంటకుప్ప మీద పెట్టారు. "ఈ బిడ్డ మాకొద్దు, కావలిస్తే ఎవరైనా కొనుక్కోండి" అని కేకేశారు. ముందే అనుకున్నట్టు మరిడమ్మ వెళ్లి, చేటెడు తవుడిచ్చి కొనుక్కుంది. మృత్యువు కళ్లు కప్పడానికి ఈ జిల్లాల్లో పడే తంటా అది. ఇంతా చేసి తవుడికి అమ్ముడుపోయిన బిడ్డ, వీణ్ణి పట్టుకుపోతే నీకొచ్చేదేముంది పోవయ్యా అని యముడికి నచ్చచెప్పడం. తవిటయ్యలూ పెంటయ్యలూ అలా బతికి బట్టకట్టినవాళ్లే.

బారసాల నాడు తండ్రి పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో తాత పేరు రాశాడు. ఎవరూ పైకి చదవలేదు. పార్వతీదేవి మాత్రం మరిడమ్మను పక్కకి పిలిచి చెవిలో ఆ పేరు చెప్పింది. "ఈ పేరు పట్టుకుని ఎవులొచ్చి అడిగినా అలాంటోడు ఇక్కడ లేడని చెప్పాల మరిడీ. తవుడే ఉన్నాడని చెప్పాల. ఒట్టెయ్యి" అంది. మరిడమ్మ బిడ్డ తల మీద చెయ్యి పెట్టింది.

బడిలో ఏ పేరు రాసుకున్నారో బడికే తెలుసు. వీధికి వాడు తవిటయ్యే. పెళ్లికార్డులో కూడా కింద తవిటయ్య అని వేయిస్తేగాని ఇది ఎవరి పెళ్లో వీధికి అర్థం కాలేదు. పార్వతీదేవీ ఆమె మొగుడూ పోయాక ఆ పేరు వెనక ఒట్టు తెలిసిన పాతమనిషి మరిడమ్మ ఒక్కతే మిగిలింది. అటువంటిది, ఎన్నాళ్లకో, మిట్టమధ్యాహ్నం, నల్లటి వాహనమెక్కి ఒకడు ఆ పేరే అడుగుతూ వస్తే ఆమె ఏం చెబుతుంది?

"అలాంటోడు ఈ ఈదిలో లేడు బాబూ."

"లేడా? ఎప్పుడైనా ఉండేవాడా?"

"ఎప్పుడూ లేడు. ఇదిగో, ఈ మజ్జిగ తాగీసి ఎల్లిపో. ఎండలో ఇలగ మనుసుల్ని ఎతుక్కుంటా తిరక్కు."

అతను తాగాడు, మూతి తుడుచుకున్నాడు, కాగితం మీద ఏదో గీసుకుని పోయాడు. బండి మలుపు తిరిగేదాకా చూసి మరిడమ్మ గుడి గోపురం కేసి తిరిగి కర్పూరం వెలిగించింది. మళ్లీ ఒకసారి గుంటణ్ణి కాచుకున్నానన్న తృప్తితో ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

నెల తిరక్కుండానే బొబ్బిలి నుంచి సింధు ఫోన్ చేసింది. సింధు తవిటయ్య పెళ్లాం. పురిటికని పుట్టింటికి వెళ్లింది. ఇక్కడి ఇంటికి తాళం. ఆడపిల్ల పుట్టి అయిదోనెల నడుస్తున్నా బారసాల కాలేదు. నాన్నొచ్చి బియ్యం మీద పేరు రాయాలని ఆగారు. అందాకా దానిపేరు గుంటే.

"అత్తా, మన వీధికి పోలీసులెవరైనా వచ్చారా?"

మరిడమ్మ గతుక్కుమంది. "ఎందుకే?"

"ఆయన పాస్‌పోర్టు గడువైపోతోంది. అక్కడే ఎంబసీలో మళ్లీ కొత్తదానికి పెట్టుకున్నారు. వాళ్లు ఇక్కడి పోలీసుల్ని అడుగుతారు, ఇతను మీ ఊరివాడేనా అని. వీళ్లొచ్చి చుట్టుపక్కల వాళ్లని కనుక్కుని, అవునని రాయాలి. అలాంటి మనిషే ఆ వీధిలో లేడని రాసేశారత్తా! ఇప్పుడది ఆగిపోయింది. పాస్‌పోర్టు లేకపోతే కంపెనీ అక్కడ ఉండనిచ్చే కార్డు చెయ్యదు. కార్డు లేకపోతే పన్లోకి పోకూడదు, విమానం ఎక్కకూడదు. ఎవరు చెప్పారో గానీ, వాళ్ల నోట మన్ను పడ!"

మరిడమ్మకి నిజంగానే నోట్లో మన్ను పడ్డట్టయింది.

"నానే సెప్పేనే" అంది చివరికి. "పాసుపోర్టు పోలీసునని ఆడు ముందే సెప్పొద్దేటి? పేరట్టుకుని అడిగితే నానేటనుకోవాల?"

సింధుకి అర్థం కాలేదు. ఒట్టు సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. పాప ఏడుపందుకుంటే ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం తవిటయ్య వీడియోలో కనబడ్డాడు. ఒమన్‌లో ఒక కంపెనీకి స్టోర్‌కీపరు. గోడవార మంచం మీద మంచం వేసిన గది. ఒళ్లో అన్నం గిన్నె.

"కొన్నమ్మా! యముణ్ణే ఎనక్కి తోలినదానివి, పోలీసోడో లెక్కా నీకు?" అని పకపకా నవ్వాడు. కొనుక్కున్న అమ్మని వాడు మాటలొచ్చినప్పటి నుంచీ అలాగే పిలుస్తాడు. నవ్వు ఆగాక ముద్ద కలపడం కూడా ఆగింది. "ఇక్కడ నానున్నానని కాయితం లేదు. అక్కడ నానున్నానని సెప్పే మనిసి లేడు. నానిప్పుడు ఎక్కడోణ్ణే?"

"అలగనకురా బాబూ. ఏటి సెయ్యాలో సెప్పు."

"స్టేషన్‌కెల్లి, ఆడున్నాడు, మావోడే అని సెప్పాల. నా పేరు సెప్పి సెప్పాల."

"తవిటయ్యని సెప్తాను."

"పాసుపోర్టులో తవిటయ్య లేడు కొన్నమ్మా."

మరిడమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకేటైనా ఐతే?"

ఏమీ కాదని వాడు అనొచ్చు. చదువుకున్నవాడు, అనాలి కూడా. అనలేదు. "అమ్మకి ఒట్టేసినదానివి. నాను బలవంతం సెయ్యను. గుంట బారసాలకి రావాలనుంది, అంతే" అన్నాడు.

మర్నాడు మరిడమ్మ జోగయ్యని పిలిచి, రైసుమిల్లు నుంచి గుప్పెడు తవుడు తెమ్మంది.

"ఏటత్తా, గేదెని కొన్నావేటి? చెప్పనే లేదు!"

"నీలాటి దున్నపోతుల్ని మేపడానికిరా. తే!"

తెచ్చిన తవుడు కొంగున మూటకట్టుకుని బయల్దేరింది. పొరుగువాళ్లు ఇద్దరుండాలన్నారని సుభద్రమ్మ కూడా వచ్చింది. అనకపోయినా వచ్చేదే. సింధు బొబ్బిలి బస్సు దిగి, పాపనెత్తుకుని నేరుగా స్టేషన్‌కి వచ్చింది. బయట వేపచెట్టు కింద ఆ నల్ల బుల్లెట్టే నిలబడి ఉంది. మరిడమ్మ దానికి దూరంగా చుట్టు తిరిగి లోపలికి నడిచింది.

బుర్రమీసాల కానిస్టేబులు పేరు వేంకటాచలం. ఆమెను చూడగానే గుర్తుపట్టాడు.

"ఆ రోజు లేడన్నావు, మజ్జిగ పోసి మరీ లేడన్నావు. ఇప్పుడున్నాడంటావు. ఏ మాట రాసుకోమంటావమ్మా?"

"ఉన్నాడనే రాసుకో బాబూ."

"ఎవరున్నాడు?"

"మావోడు."

"మీవోడంటే?"

"తవుడు."

"ఆ పేరు నా కాగితంలో లేదు. ఇందులో ఉన్న మనిషి నీకు తెలుసా, తెలీదా? తెలిస్తే పేరు చెప్పు. నీ నోటితోనే చెప్పాలి."

మరిడమ్మ కొంగుముడి గట్టిగా పట్టుకుంది. ఇన్నేళ్లూ ఎక్కడ దాచుకుందో అక్కడే అంటుకుపోయింది పేరు. సింధు పాపని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చింది. పాప తల తిప్పి మరిడమ్మ ముక్కుపుడక కేసి చూసింది. ముందుకి వంగి అందుకోబోయింది. నుదురు అచ్చం చేటలో పడుకున్నవాడి నుదురే. 'ఒక్క మాటు ఓర్సుకోవే పార్వతమ్మా' అనుకుంది మరిడమ్మ. కానిస్టేబులు కేసి కాకుండా గుమ్మం బయటి బండికేసి తిరిగి, గొంతెత్తి చెప్పింది.

"భీమశంకరరావు! ఉన్నాడు! మా ఈదిలోనే ఉన్నాడు, మా ఇంటికి రెండిళ్ల అవతల! మాకందరికీ కావలసినోడు. ఆణ్ణి తొందరగా ఇంటికి పంపించు."

చెప్పి కళ్లు మూసుకుని నిలబడింది. ఫ్యాను తిరుగుతోంది. పాప ముక్కుపుడక పట్టుకుని లాగింది. నొప్పికి కళ్లు తెరిచి చూస్తే బండి కదలలేదు. దాని సీటు మీద ఎండుటాకు పడి ఉంది, అంతే.

"ఇంత గట్టిగా ఎందుకమ్మా, ఎదురుగానే ఉన్నాను గదా" అంటూ వేంకటాచలం రాయడం మొదలుపెట్టాడు. "అతను నీకేమవుతాడు?"

"కొనుక్కున్నాను."

కలం ఆగింది. "కొన్నావా? పోలీసు స్టేషన్లో నిలబడి బిడ్డని కొన్నానంటావేటి!"

"అయ్యో, ఆ కొనడం కాదు బాబూ!" అని సుభద్రమ్మ ముందుకొచ్చి పెంటకుప్ప, చేట, తవుడు, పోయిన ఇద్దరు బిడ్డలు, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేసింది. సింధు ఆ కథ మొదటిసారి వింటోంది. వింటూ వింటూ మరిడమ్మ కొంగుముడి మీద చెయ్యి వేసింది.

వేంకటాచలం మీసం చాటున నవ్వుకున్నాడు. "ఓహో, అదా సంగతి! మా పెద్దమావ పేరూ పెంటయ్యేలే." పొరుగు అని రాసి, కాగితం సంతకానికి తిప్పుతూ సరదాగా అడిగాడు. "సరే గానీ, తవుడిచ్చి కొన్నావు గదా, మళ్లీ వాళ్లమ్మకి ఎప్పుడు తిరిగిచ్చీసినావు?"

"తిరిగివ్వలేదు బాబూ" అంది మరిడమ్మ, వేలిముద్రకి బొటనవేలు చాపుతూ. "పెంచమని ఇచ్చేను, అంతే."