మాత్ర లేని గ్లాసుడు నీళ్లు

మాత్రలు పూర్తిగా మానేసిన రోజున ఆ ఇంట్లో రెండో పెళ్లంత సందడి జరిగింది. కాపురానికి వచ్చి ఏడాది తిరగని ఇల్లాలు, అందరూ ముద్దుగా బుజ్జి అని పిలిచే అమ్మాయి, భర్త ఫోన్లో రోజూ రెండు పూటలా మోగే అలారాన్ని తన చేత్తోనే తీసేసింది.

"పీడ విరగడైంది! ఇక దీని గోల లేదు," అంటూ ఫోన్ను సోఫా మీదికి గిరాటేసింది.

అతనిది గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం. కొన్నేళ్ల కిందట రెండు కిడ్నీలూ మొరాయిస్తే అక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. అక్క ఇచ్చింది కదా అని ఒళ్లు ఊరుకోదు. లోపల కాపలా కాసే కణాలు ఇదెవరో పరాయిదంటూ దాని మీద పడతాయి. వాటిని జోకొట్టడానికే ఆ మాత్రలు. అయితే వాటి వల్ల అతని చేతులు వణికేవి. చేతి గడియారంలో ఆవగింజంత మర బిగించాల్సినవాడికి అంతకన్నా కష్టం ఏముంటుంది? గోడ గడియారాలతో సరిపెట్టుకుని, చిన్నవి వస్తే వెనక్కి పంపేవాడు.

అందుకే ఆసుపత్రిలో కొత్త పరిశోధన మొదలవగానే అందరికన్నా ముందు సరేనన్నాడు. అక్క ఎముకల మూలుగలోంచి తీసిన కణాలను అతని ఒంట్లోకి ఎక్కించారు. వాటి సావాసంతో కాపలా కణాలకు అక్క కిడ్నీ కూడా సొంతదానిలా అలవాటు కావాలని వాళ్ల ప్రయత్నం. అలవాటవుతోందని పరీక్షలు చెప్పేకొద్దీ మాత్రలు తగ్గించారు, వాటితో పాటు వణుకూ తగ్గింది. బుజ్జి రోజూ సూదీ దారం తెచ్చి ఎక్కించమనేది. అతను ఒక్క ఊపున ఎక్కించేవాడు. ఆమె చప్పట్లు కొట్టేది. చుట్టుపక్కలవాళ్లు ఈ ఇంట్లో ఏదో కుట్టుపని మొదలైందనుకున్నారు.

అలారం తీసేసిన మర్నాటి నుంచి అతను దుకాణంలో తల ఎత్తితే ఒట్టు. ఎన్నాళ్లుగానో వెనక్కి పంపిన గడియారాలన్నీ మళ్లీ బల్ల మీదికి చేరాయి. ఎండలు మండిపోతున్నా, సాయంత్రం కాగానే ఇద్దరూ కాళ్లు పీకేదాకా వీధులు తిరిగేవాళ్లు.

ఆ సంబరంలోనే రక్తపరీక్ష రోజు వచ్చింది. అక్క కూడా ఆసుపత్రికి వచ్చింది. ఆవిడ పలకరింపు ఎప్పుడూ ఒకటే.

"నా కిడ్నీ ఎలా ఉందిరా?"

"నాకన్నా బాగుందక్కా. అద్దె కూడా అడగట్లేదు."

"అడుగుతాను, ఆగు. వడ్డీతో సహా!"

నవ్వులు డాక్టరమ్మ గదిలోకి అడుగు పెట్టేదాకే. ఆవిడ కాగితం చూసి కళ్లజోడు తీసింది.

"క్రియాటినిన్ పెరిగింది. అంటే కిడ్నీ మీద భారం పడుతోంది. ఒళ్లు దాన్ని మళ్లీ పరాయిదిగా చూస్తోందేమో. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి, బయాప్సీ చేసి తేల్చుకోవాలి. మాత్రలు మళ్లీ మొదలెట్టాల్సి రావచ్చు."

అక్క మొహం ఎర్రబడింది.

"నేను మొత్తుకుంటూనే ఉన్నాను. చేతులు వణికితే వణికాయి, మనిషి ఉంటాడు కదా! నా కిడ్నీ ఇచ్చింది వీడి ప్రయోగాలకా?"

అతను బల్ల మీదున్న నీళ్ల సీసా అందుకుని గటగటా తాగాడు. అడుగున చుక్క మిగల్లేదు. బుజ్జి అతన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఏమండీ, పొద్దున్నుంచి నీళ్లు తాగడం ఇదే మొదటిసారా?"

"అంతే అనుకుంటా."

"మరి నిన్న?"

"పనిలో గుర్తు రాలేదు బుజ్జీ."

ఎందుకు గుర్తు రాలేదో ఆమెకు చటుక్కున తట్టింది. పనిలో పడితే అతనికి దాహం తెలియదు. ఇన్నేళ్లూ అలారం మోగితే మాత్ర వేసుకునేవాడు, మాత్రతో పాటు పక్కనున్న సీసా మొత్తం ఖాళీ చేసేవాడు. మాత్ర పోవడంతో అలారం పోయింది. దాని వెనకే నీళ్లూ పోయాయి. తీసేసింది తనే!

"డాక్టరుగారూ, ఈయన నీళ్లు తాగట్లేదు. ఎండలో తిప్పింది కూడా నేనే. దానివల్ల పెరిగి ఉండకూడదా?"

డాక్టరమ్మ లేచి అతని నాలుక చూసింది, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూసింది.

"ఒళ్లు ఎండిపోయిన మాట నిజమే. కారణం అదే కావచ్చు, కాకపోనూవచ్చు. బాగా నీళ్లు తాగించండి, రేపు మళ్లీ రక్తం తీద్దాం. దిగకపోతే మాత్రం బయాప్సీకి పేచీ పెట్టకూడదు."

"పెట్టను," అన్నాడతను. "దిగకపోతే మీరు చెప్పిన మాత్రలన్నీ వేసుకుంటాను. దిగితే మాత్రం భయపడి వెనక్కి పోను. అక్కా, నువ్వేమంటావు?"

అక్క చాలాసేపు అతని చేతుల వంక చూసింది. అంత గొడవలోనూ అవి ఖాళీ సీసా మూతను నిదానంగా తిప్పి బిగిస్తున్నాయి.

"రేపు చూద్దాం," అంది. మరదలి వైపు తిరిగి, "ఏయ్ పిల్లా, వీడు నీళ్లు తాగకపోతే నెత్తిన పొయ్యి!"

"అలాగే వదినా. ముందు సగం తాగిస్తా, మిగతా సగం పోస్తా."

ఆ రోజంతా బుజ్జి అతని పక్కనుంచి కదిలితే ఒట్టు. నిమ్మరసం, మజ్జిగ, మళ్లీ నీళ్లు. వద్దంటే ఊరుకోలేదు, బతిమాలితే కరగలేదు. "నన్ను చెరువు చేస్తున్నావే," అని అతను మొత్తుకుంటే, "కప్పలు చేరితే అప్పుడు ఆపుతా," అంది.

మర్నాడు డాక్టరమ్మ కాగితం చూసి ఈసారి కళ్లజోడు తీయలేదు.

"దిగింది. పాత లెక్కకు వచ్చేసింది. అయినా కొన్నాళ్లు వారం వారం రండి. మాత్రలు ఇప్పుడు వద్దు."

మెట్లు దిగుతూనే బుజ్జి అతని ఫోన్లో అలారాలు పెట్టింది. ఈసారి రెండు కాదు, గంటగంటకూ. ఇంతలో అక్క ఫోన్ చేసింది.

"ఏరా, నీ కిడ్నీ ఎలా ఉంది?"

అతను మెట్ల మధ్యలోనే ఆగిపోయాడు.

"బాగుందక్కా," అన్నాడు.

అప్పుడే మొదటి అలారం మోగింది. బుజ్జి సీసా మూత తీసి చేతికిచ్చింది.

"మాట్లాడటం తరవాత. ముందు తాగండి."