ఆరో చెంచా

పచ్చగుడ్డ విప్పి చూస్తే ఐదు చెంచాలే ఉన్నాయి. పోయింది ఏదో మామూలుది కాదు. ఆరు చెంచాల సెట్టులో ఆరోది, తొమ్మిదేళ్లు వెతికితే ఈ పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో బళ్లారిలో దొరికింది.

నేను గుంతకల్లు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాను. పాత ఇంగ్లీషు వెండి చెంచాలంటే నాకు పిచ్చి. ఇల్లు ఖాళీ చేసి పోయే ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ల దగ్గర, బంగళాల్లో పనిచేసిన వంటవాళ్ల దగ్గర ఒక్కొక్కటే సంపాదించాను. కాడ వెనక చిన్న సింహం ముద్ర, దాని పక్కన ఒక అక్షరం ఉంటాయి. ఆ అక్షరం చూసి ఏ ఏడాది చేసిన చెంచానో చెప్పేస్తాను. ఊళ్లో ఆ విద్య నా ఒక్కడికే తెలుసని కాస్త పొగరు కూడా ఉండేది.

నా భార్య తిప్పమ్మ ఇంట్లో లేదు. చెంచా కొంగున ముడేసుకుని, బిడ్డను వెంటబెట్టుకుని కంసాలి లింగాచారి అంగడికి పోయిందని పక్కింటి ఓబులమ్మ చెప్పింది. కంసాలి చేతిలో పడిన పాత వెండికి కరగడం తప్ప వేరే గతేముంది? మిట్టమధ్యాహ్నం ఎండలో చెప్పులు కూడా మరిచి పరుగెత్తాను. దారి పొడుగునా తిప్పమ్మను తిట్టుకుంటూనే ఉన్నాను.

అంగట్లో కుంపటి కణకణలాడుతోంది. లింగాచారి చెంచాను పట్టకారుతో పట్టుకుని వెండి కరిగించే మూసలో వేయబోతున్నాడు. ఆపమని అరిచాను. ఆపాడు గానీ కింద పెట్టలేదు. అది మారెమ్మకు మొక్కిన వెండి, ఆపితే మొక్కినామె ఆపాల అన్నాడు.

తిప్పమ్మ మా ఏడేళ్ల కూతురు కదిరమ్మను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బిడ్డకు ఒక కన్ను వాచి పొర కమ్మితే, నయమైతే వెండి కన్ను చేయించి ఇస్తానని అమ్మవారికి మొక్కుకుందట. దీని తూకానికి రెండింతల వెండి కొనిస్తానని బతిమాలాను. మొక్కు వెండి ఇంట్లోదే కావాలంది. తన కాళ్ల కడియాలు కూడా నేను అమ్మి చెంచాలు కొన్నాక, ఇంట్లో అవి తప్ప ఇంకేం వెండి ఉందని అడిగింది.

మరి అన్నిట్లో ఇదే ఎందుకు తీశావని కసిరాను.

"అన్నిట్లోకీ బాగా అరిగింది అదే కదా. పోతే పోనీ అనుకుంటి," అంది. అదొక్కటి లేకే తొమ్మిదేళ్లు సెట్టు పూర్తి కాలేదని ఆమెకు ఎలా తెలుస్తుంది? నేనెప్పుడు చెప్పాను గనక?

మొక్కుకున్న సంగతి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు దీనికోసరమే బళ్లారిలో ఉండావు, మూడు దినాలు. వచ్చినాక దీన్నే తుడుస్తా కూకుంటివి. నువ్వు అడగల్యా, నేను చెప్పల్యా."

సిగ్గుతో నా తల వాలిపోయింది. కరిగించమని లింగాచారికి చెప్పాను. ఆ మాట అంటుంటే ప్రాణం ఉసూరుమంది, అది కూడా దాచను.

లింగాచారి చెంచాను మూసలో వేసి, ఊదుగొట్టం అందుకుంటూ నా వైపు తిరిగాడు.

"బిడ్డకు ఏ కన్ను నొచ్చిందో ఆ పక్క కన్నే చేయాల ఈరన్నా. ఎడమదా, కుడిదా?"

తిప్పమ్మ వైపు చూశాను. ఆమె బిడ్డను నా వైపు తిప్పి కూర్చోబెట్టింది. కదిరమ్మ రెండు కళ్లతో నన్నే చూస్తోంది. రెండూ తేటగా, ఒకే మాదిరిగా ఉన్నాయి. ఎంత చూసినా నాకు తెలియలేదు.

"ఇది నాయనా," అని కదిరమ్మే తన ఎడమ కంటి మీద వేలు పెట్టి చూపించింది.