రాతి మీద వానకోయిల

మా యెన్ పోయిన మూడో రోజుకే మామగారు మళ్లీ ఉలి పట్టారు. సమాధులు శుభ్రం చేసే పండుగలోపు ఎవరికో రాయి ఇవ్వాలి. మా జిల్లాలో సగం సమాధి రాళ్లు ఆయన చేతివే. ప్రతి రాయికీ తడి కాగితం అద్ది, సిరా గుడ్డతో తట్టి అచ్చు తీసి, ముందు నాకు చూపిస్తారు. తప్పులు పట్టేది నేనే.

యెన్ నా ఒక్కగానొక్క కూతురు. పందొమ్మిదేళ్లు. పట్నంలో టీచర్ ట్రైనింగ్ చదువుతూ అద్దెగదిలో ఉండేది. చలికి తలుపులూ కిటికీలూ మూసి, బొగ్గుపొయ్యి వెలిగించుకుని పడుకుంది. లేవలేదు.

యెన్ అంటే మా చైనా భాషలో వానకోయిల. ఆ అక్షరం దానికి నేర్పింది తాతే, అరుగు మీది రాతిపొడిలో వేలితో. పైన ముక్కు, మధ్యలో పొట్ట, అటూ ఇటూ రెక్కలు, కింద తోక.

"మొదట్లో అచ్చం పిట్టనే గీసేవారు, తాబేలు చిప్పల మీద. తరవాత కుంచె వచ్చింది, తొందరా వచ్చింది. చీలిన తోక కాస్తా నాలుగు చుక్కలైంది. గుర్రం అక్షరంలో కాళ్లూ, చేప అక్షరంలో తోకా కూడా అంతే. ప్రభుత్వం అక్షరాల్ని కుదించినప్పుడు ఆ రెంటి చుక్కలూ తీసేసి ఒక్క గీత గీసింది."

"మరి నా చుక్కలు తియ్యలేదేం తాతా?"

"కత్తెర తెచ్చేలోపే నువ్వు ఎగిరిపోయావు కదే!"

అది పకపకా నవ్వేది. నేను మాత్రం తోక అలుక్కుపోతోందని వందసార్లు రాయించాను. కొర్రగంజి చల్లారిపోతున్నా లేవనివ్వలేదు.

పెళ్లికాని పిల్లకి మా వంశపు సమాధుల్లో చోటుండదు. పేరు చెక్కిన రాయీ ఉండదు. పెద్దవాళ్లు పిల్లల్ని సాగనంపకూడదు, సమాధి దగ్గరికీ వెళ్లకూడదు. దాని అన్నదమ్ముల వరసవాళ్లు మోసుకెళ్లి పొలం గట్టున పూడ్చి వచ్చారు. నేను వాకిలి దాటలేదు. గట్టు మీది మట్టిదిబ్బ నాలుగు వానలకి పొలంలో కలిసిపోతుంది. ఇక అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

అందుకే రాయి అడిగాను. మామగారి అక్క, మా పెద్దత్త, అంతెత్తున లేచింది.

"పెళ్లికాని పిల్లకి రాయేమిటే? నలుగురూ నవ్వరూ?"

"ఆ నలుగురికీ రాళ్లు చెక్కేది మీ తమ్ముడే కదా పెద్దత్తా! సొంత మనవరాలికి మట్టిదిబ్బేనా?"

"అబ్బో, చదువుకున్న కోడలు! ఒరేయ్, నువ్వైనా చెప్పరా."

"అక్క అన్నది నిజమేనమ్మా. పేరు చెక్కకూడదు," అని మామగారు లేచి వెళ్లిపోయారు. ఆ పూట ఆయన గంజి గిన్నె బల్ల మీద ఠప్పున పెట్టాను.

పండుగ వెళ్లిన వారానికి, పొద్దున్నే ఆయన చక్రాల బండి తోసుకుంటూ బయల్దేరారు. బండిలో ఏదో గోనెపట్టా కప్పి ఉంది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి చెప్పులనిండా మట్టి. పెద్దత్త అరుగు మీద పల్లీలు ఒలుస్తోంది.

"ఆ పిల్ల దగ్గరికేనా? తాతవి, వెళ్లకూడదని తెలీదూ?"

"తాతగా ఎవరెళ్లారు? రాయి పాతే పనివాడిగా వెళ్లాను."

"రాయా! పేరు చెక్కావా?"

"పేరు లేదు, అక్షరమూ లేదు. వట్టి పిట్టబొమ్మ. పిట్టకి కూడా పెళ్లి కావాలా అక్కా?"

పెద్దత్త ఒలిచిన పప్పుల్ని తొక్కల్లో వేస్తూ కూర్చుంది.

మామగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి, చొక్కా లోపలనుంచి మడతపెట్టిన కాగితం తీశారు. "నువ్వు వెళ్లలేవు కదమ్మా," అన్నారు.

కాగితమంతా నల్లటి సిరా. మధ్యలో తెల్లగా పిట్ట, తాబేలు చిప్పల కాలం నాటిది. ముక్కు పైకెత్తి, రెక్కలు చాపి ఉంది. తోక చుక్కలు కాదు, నిజంగానే చీలి ఉంది.

"ఎటు చూస్తోంది మామయ్యా?"

"మనింటివైపే."

ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు, ఎప్పటిలాగే, నేను తప్పు చెప్పేదాకా. ఎడమ రెక్క చివర ఉలి జారి రాయి పెచ్చు ఎగిరిన గుర్తు ఉంది. ఇన్నేళ్లలో ఆయన చెయ్యి జారగా నేను చూడలేదు.

"చెప్పమ్మా. ఏమైనా తప్పుందా?"

"లేదు మామయ్యా," అన్నాను. "తోక కూడా బాగా వచ్చింది."