ఎల్లమ్మ మనవరాలు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన కొద్దిరోజులకే మా అపార్ట్‌మెంటు సెల్లారు బడి అయిపోయింది. బస్సుల్లేవు, స్కూళ్ళు తెరవడం లేదు, గనుల్లో బొగ్గు ఆగిపోవడంతో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, నల్లగండ్లలో మా ఐదంతస్తుల పిల్లలందరూ మెట్ల మీదా లిఫ్టులోనూ పార్కింగులోనూ ఒకటే పరుగులు! నాకేమో ఉద్యోగం వచ్చి కూర్చుంది కానీ మాదాపూర్‌లో ఉన్న ఆ కంపెనీ బందుల పేరు చెప్పి జాయినింగ్ తేదీని వెనక్కి జరుపుతూనే ఉంది. ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాదు. ఒక చాప, ఒక తెల్లబోర్డు పట్టుకుని కిందికి దిగిపోయాను. "ప్రిస్కిల్లా అక్క బడి" అని పిల్లలే పేరు పెట్టేశారు.

బడికి అందరికంటే ముందు వచ్చేది మూడో అంతస్తు జ్యోతి. ఒకటో తరగతి, బాయ్ కట్, ఎప్పుడూ నిక్కరే. వాళ్ళ నాన్న భాస్కర్, అమ్మ అఖిల ఇద్దరూ సాఫ్ట్‌వేర్. స్కూలు మూతపడ్డాక పిల్లను చూసుకోవడానికి జనగామ దగ్గరి ఊరి నుంచి భాస్కర్ వాళ్ళ నాన్న చంద్రయ్యను పిలిపించారు. ఆయన సగం దూరం జీపులో, సగం దూరం పాలవ్యానులో వచ్చి దిగాడట. తెల్ల పంచె, కొంచెం నెరిసిన మీసం, తల చుట్టూ ఎర్ర రుమాలు. ఆ రుమాలు మాత్రం ఎండలోనైనా, సెల్లారు ఉక్కలోనైనా విప్పేవాడు కాదు.

ఒకరోజు కరెంటు పోయి బోర్డు కనబడకపోతే పిల్లలు ఆయన మీద పడ్డారు.

"తాతా, ఒక కథ చెప్పు!"

"నేను చెప్పే కథకు డోలు గావాలె, తాళాలు గావాలె బిడ్డా."

"మా దగ్గర టిఫిన్ డబ్బాలున్నాయి!"

అప్పుడు తెలిసింది, చంద్రయ్య ఒగ్గు కథ చెప్పే మనిషని. డోలు వాయిస్తూ మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పే జట్టులో ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాడు. పిల్లలు డబ్బాలు కొడుతుంటే మొదట కూర్చునే మొదలుపెట్టాడు. కాసేపటికి లేచాడు. పుట్ట పగిలి ఎల్లమ్మ పైకి లేచే చోటు వచ్చేసరికి ఆయన కాళ్ళు ఆగలేదు, చెయ్యి దానంతటదే తలమీదికి వెళ్ళి రుమాలును లాగేసింది. జుట్టు! నడుము దాటి జారింది, నా జడ దాని ముందు ఎందుకూ పనికిరాదు. గొంతు మారింది, నిలబడే తీరు మారింది, మా స్కూటర్ల మధ్య ఎల్లమ్మ నిలబడి ఉంది.

డబ్బాలు ఆగిపోయాయి. ఐదో అంతస్తు కార్తికేయ, ఏడేళ్ళవాడు, చెయ్యెత్తాడు.

"తాతగారూ, మీరు అమ్మాయా?"

"కథల ఎల్లమ్మను. ఇంట్ల జ్యోతి తాతను."

"రెండూ ఎలాగ?"

"మీ అక్కను సూడు. జరసేపు పంతులమ్మ. జరసేపు మీతోని దాగుడుమూతలు ఆడ్తది. మనిషి ఒక్కతే గదా?"

కార్తికేయ ఆలోచించాడు. "ఓ, అంతేనా. మరి ఏ షాంపూ వాడతారు?"

"కుంకుడుకాయ."

అంతే! ఇక అందరికీ ఎల్లమ్మ అవ్వాలని ఉంది. చంద్రయ్య పైకెళ్ళి సంచి తెచ్చాడు, అందులో ఆకుపచ్చ చీర, గాజులు, గజ్జెలు. ముందు ఎవరన్నది తేల్చుకోవడానికి పంటలు వేస్తే కార్తికేయకు పడింది. నిక్కరు మీదే చీర చుట్టి, గాజులు తొడిగితే వాడు బాగానే గంతులేశాడు.

వాళ్ళు ఆడుతుండగా చంద్రయ్య గబగబా జుట్టు ముడివేసి మళ్ళీ రుమాలు కట్టుకున్నాడు.

"మా భాస్కర్‌కు చెప్పకు బిడ్డా. రుమాలు ఇప్పనని మాటిచ్చిన."

"ఎందుకండీ, ఎంత బావుందో!"

"వానికి ఇష్టం లేదు. ఆదివారం సెలూన్‌కు తీస్కపోయి కత్తిరిపిస్తడట."

"సవరం పెట్టుకోవచ్చుగా మరి?"

"పెట్టినా ఒకపారి. ఎల్లమ్మ కోపానికొచ్చి గుండ్రంగ తిరిగితే ఎగిరి పొయ్యి డోలుమీద పడ్డది. జనం ఒకటే నవ్వుడు. ఎల్లమ్మను సూసి నవ్విన్రంటే ఇగ కథ ఏడిది? అప్పటిసంది పెంచిన. ఇది పోతే ఆ వేషం ఇగ నాది కాదు." ఇదంతా వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. "దసరా ముంగట లింగంపల్లి చౌరస్తల, సమ్మెల రోడ్డుమీదనే వండుకొని తినే వంటావార్పు కాడ చెప్పుమని మా జట్టోళ్ళు అడిగిన్రు. అదే ఆఖరు అనుకున్న. ఆదివారమే అంటుండు వీడు."

ఈలోగా కరెంటొచ్చింది, వాళ్ళమ్మ భోజనానికి కేకేస్తే కార్తికేయ చీరా గాజులతోనే లిఫ్టెక్కేశాడు. నేను చూసేసరికి గ్రిల్లు మూసుకుంది.

సాయంత్రానికి సెల్లారులో మీటింగు. పిలిచింది కార్తికేయ తాతగారు, మా అపార్ట్‌మెంటు సెక్రటరీ భీమేశ్వరరావు గారు. రాజమండ్రి వైపు వారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు.

"నేనేం చాదస్తుణ్ణి కాదండీ," అని మొదలుపెట్టారు. "మా ఊళ్ళో మగవాళ్ళు ఆడవేషం కడితే తెల్లార్లూ కూర్చుని చూసేవాణ్ణి. చప్పట్లు కొట్టేవాణ్ణి. అది స్టేజీ అండీ. ఇది పార్కింగు. మావాడు చీర కట్టుకుని పైకొచ్చి, నాయనమ్మా గాజులు తియ్యొద్దు అని ఏడుపు! ఆ వయసు పిల్లాడికి ఏమర్థమవుద్దండీ?"

నేనుండలేక, "అర్థమైంది అంకుల్! వాడు రెండు మూడు ప్రశ్నలే అడిగాడు. ఆఖరిది షాంపూ గురించి," అన్నాను.

"నువ్వాగమ్మా."

మీటింగుకు డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన మా అమ్మ సువార్తమ్మ నర్సు యూనిఫాంలోనే నా పక్కన నిలబడి చెవిలో అడిగింది: "కథేనా? పూజేమైనా చేయించాడా?"

"కథేనమ్మా."

"అయితే నోరు మూసుకో."

అప్పుడు రెండో అంతస్తు యాదయ్య లేచాడు. బస్ డిపోలో గుమాస్తా, సమ్మెలో ఉన్నాడు, మెడలో కండువా.

"ఓ రావుగారూ! మీ ఊర్ల ఏస్తె నాటకం, మా తాత ఏస్తె తప్పా? మేము రోడ్లమీద కూసొని చెప్పేది గిదే గదా!"

"నేను చీర గురించి మాట్లాడుతుంటే మీరు రాష్ట్రం గురించి మాట్లాడతారేంటండీ?"

"రెండు ఒకటే!"

"ఒకటెలా అవుద్దండీ?"

"ఎందుకు గాదు? మా బతుకమ్మను సూసి నవ్వుతరు, మా మాటను సూసి నవ్వుతరు, ఇగ ఒగ్గు కథకు వచ్చిన్రు!"

"నేనెప్పుడు నవ్వానయ్యా?"

తూర్పువైపు ఫ్లాట్ల వాళ్ళు లేచారు, పడమటివైపు వాళ్ళు లేచారు. కాసేపట్లోనే చీర సంగతి మర్చిపోయి నదీజలాల దగ్గరికి వెళ్ళిపోయారు, అక్కణ్ణుంచి ఉద్యోగాల దగ్గరికి. ఇన్ని మాటల్లో పిల్లల్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ళు మెట్ల మీద వరసగా కూర్చుని చూస్తున్నారు. చంద్రయ్య జ్యోతిని ఒళ్ళో పెట్టుకుని స్తంభం దగ్గర కూర్చున్నాడు.

అప్పుడే భాస్కర్ ఆఫీసు నుంచి వచ్చాడు. బైకు స్టాండు వెయ్యకముందే యాదయ్య భుజం మీద చెయ్యేసి లాక్కొచ్చాడు.

"చెప్పు తమ్మీ! మొన్న మీ ఆఫీసు ముంగట మైకు పట్టి, ఒగ్గు కథ మా పానం అని మస్తు చెప్పినవ్ గదా. జర ఈ సారుకు గూడ చెప్పు!"

భాస్కర్ మెడలో ఐడీ కార్డు ఇంకా ఉంది. దాని తాడును వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

జ్యోతి తాత ఒళ్ళోంచే అంది: "నాన్న ఆదివారం తాత జుట్టు కట్ చేపిస్తుండు గదా."



"అయితే ఇక గొడవేముందండీ?" అన్నారు భీమేశ్వరరావు గారు. నిజంగానే ఆయన ముఖంలో రిలీఫ్.

యాదయ్య చెయ్యి భాస్కర్ భుజం మీంచి జారింది. "ఏంది తమ్మీ గిది?"

చంద్రయ్య జ్యోతిని దించి లేచాడు. రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. ముడి మాత్రం విప్పలేదు.

"వాళ్ళ సంగతి ఇడిసిపెట్టు. నువ్వు చెప్పు బిడ్డా. ఎందుకు తియ్యాలె? తియ్యమంటె తీస్త. ఎందుకో చెప్పు."

అందరి ముందూ చెప్పడనుకున్నాను. చెప్పాడు, నేల చూస్తూ.

"బడిల నన్ను ఒక్కడు గూడ భాస్కర్ అని పిలువలే నాయినా. ఎల్లమ్మ కొడుకు. ఎల్లమ్మ కొడుకా, మీ అయ్య చీర ఆరిందా? ఎల్లమ్మ కొడుకా, నువ్వెప్పుడు గాజులేస్తవ్? పదోతరగతి దాకా గిదే. మైకుల చెప్పుడు వేరే. నా బిడ్డకు ఆ మాట పడొద్దు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే నువ్వు బంద్ చేస్తవని."

చంద్రయ్య రుమాలును మడతపెట్టాడు, మళ్ళీ విప్పాడు. అఖిల లిఫ్టు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది.

"నాన్నా, నన్ను అన్నరు ఆల్రెడీ," అంది జ్యోతి.

భాస్కర్ చటుక్కున తలెత్తాడు. "ఏమని?"

"ఎల్లమ్మ మనవరాలని."

"ఎవడన్నడు?"

జ్యోతి వేలు చూపించింది. కార్తికేయ వాళ్ళ తాతగారి కాళ్ళ వెనక్కి జరిగాడు.

"ఏరా, ఆడపిల్లను ఏడిపిస్తావా?" అన్నారు భీమేశ్వరరావు గారు.

"ఏడిపించలేదు తాతగారూ! తను ఎల్లమ్మ మనవరాలు కదా, మరి నేను కూడా ఎల్లమ్మ మనవణ్ణి అవుతానంటే జ్యోతే ఒప్పుకోవట్లేదు."

"ఎట్ల ఒప్పుకుంటరు?" జ్యోతి నడుం మీద చేతులు పెట్టింది. "ఆయన మా తాత. వాడికి వాళ్ళ తాత ఉన్నడు."

"మా తాతగారికి జుట్టే లేదుగా!"

భీమేశ్వరరావు గారి చెయ్యి బట్టతల మీదికి వెళ్ళింది. ముందు యాదయ్య నవ్వాడు, తరవాత మెట్ల మీద పిల్లలు, ఆ తరవాత తూర్పూ పడమరా తేడా లేకుండా అందరూ. భాస్కర్ నవ్వలేదు. పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఆ మాటంటే నీకు మంచిగనే అనిపించిందా?"

"ఊఁ. రేపటిసంది నేనే ముందు లైన్ల కూసుంట. అక్క చెప్పింది."

నేను చెప్పలేదు. అయినా తల ఊపాను.

మీటింగు ఏమీ తేల్చలేదు. భీమేశ్వరరావు గారు వెళ్తూ నాతో, "మావాడి వరకు చెప్తున్నానమ్మా. చూడొచ్చు. కట్టుకోకూడదు," అన్నారు. వాదించాలని నోరు తెరిచాను, అమ్మ చెయ్యి గిల్లింది.

ఆదివారం పొద్దున్నే బైకు మీద భాస్కర్, చంద్రయ్య, మధ్యలో జ్యోతి సెలూన్‌కు వెళ్ళడం మా బాల్కనీ లోంచి చూశాను. టిఫిన్ పక్కన పెట్టేసి అక్కడే నిలబడ్డాను! భాస్కర్ ఆ రోజు నుంచీ ఔననీ కాదనీ అనలేదట, అఖిల చెప్పింది. బండి తిరిగొచ్చిన శబ్దం వినబడగానే మెట్లన్నీ దూకుతూ కిందికి పరిగెత్తాను.

చంద్రయ్య తలకు రుమాలు ఉంది. ముఖం మాత్రం నున్నగా ఉంది, మీసం లేదు. రుమాలు కింద ఏముందో తెలియడం లేదు. నేను జ్యోతిని పక్కకు లాగాను.

"ఏమైందే?"

జ్యోతి ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టింది. "సెలూన్ అంకుల్ ఎంత తియ్యాలె అన్నడు. తాత నాన్నను చూసిండు. నాన్న మస్తుసేపు ఫోన్ చూసిండు. మళ్ళ అంకుల్ ఎంత తియ్యాలె సార్ అన్నడు. అప్పుడు నాన్న, మీసం తియ్యి, జుట్టు ముట్టకు, ఎల్లమ్మకు మీసముంటదా అన్నడు. అంకుల్ నవ్విండు. నాన్న నవ్వకు అన్నడు."

"తాత ఏమన్నారు?"

"తాత కళ్ళు మూసుకున్నడు. సబ్బు పోయిందేమో."

వంటావార్పు రోజు రానే వచ్చింది. దసరా ముందు, మిట్టమధ్యాహ్నం. జనగామ జట్టు డోళ్ళతో లింగంపల్లి చౌరస్తాకు నేరుగా వెళ్ళిపోయింది. చంద్రయ్య మాత్రం ఇంట్లోనే తయారై లిఫ్టులోంచి దిగాడు, ఆకుపచ్చ చీర, నుదుట పసుపు, ముడిలో బంతిపూలు. జుట్టు దువ్వింది జ్యోతి అని పాపిడి వంకర చూస్తేనే తెలుస్తోంది. సెల్లారులో పిల్లలందరూ రెండు వరసలుగా నిలబడ్డారు, జ్యోతి ముందు. కార్తికేయ రెండోవాడు, చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్ళ తాతగారికిచ్చిన మాట ప్రకారం చూస్తున్నాడు అంతే.

భాస్కర్ బండి తీశాడు. ట్యాంకు మీద జ్యోతి ఎక్కింది. వెనక చంద్రయ్య చీరలో ఎక్కేవాళ్ళు కూర్చున్నట్టే రెండు కాళ్ళూ ఒకవైపుకు పెట్టి కూర్చున్నాడు. గేటు దగ్గర భీమేశ్వరరావు గారు పాలప్యాకెట్లతో లోపలికి వస్తున్నారు. ఆయన పక్కకు జరిగారు. బండి కదిలింది.

"ఏవండీ! కొంగు! కొంగు చక్రంలో పడుద్ది, ఆపండి!"

అరిచింది ఆయనే. ప్యాకెట్లు గోడ మీద పెట్టేసి మరీ.

భాస్కర్ బ్రేకు వేసి దిగాడు. వీధిలో టీకొట్టు దగ్గర ఉన్నవాళ్ళు, ఎదురు అపార్ట్‌మెంటు కట్టే మేస్త్రీలు అందరూ చూస్తున్నారు. అతను వాళ్ళ నాన్న కొంగును వెనక చక్రం దగ్గర్నుంచి పైకి తీసి, దుమ్ము దులిపి, భుజం మీంచి ముందుకు లాగి నడుము దగ్గర దోపాడు. సరిగ్గా నిలవకపోతే మళ్ళీ తీసి దోపాడు.

"గట్టిగ పట్టుకో నాయినా."

"పట్టుకున్న. నడువు."

ఈసారి బండి మెల్లగా గేటు దాటింది. ట్యాంకు మీంచి జ్యోతి వెనక్కి తిరిగి కార్తికేయకు చెయ్యి ఊపింది, వాడూ ఊపాడు. భీమేశ్వరరావు గారు పాలప్యాకెట్లు తీసుకుని, "రోడ్డంతా గుంతలు," అని గొణుక్కుంటూ లిఫ్టు వైపు నడిచారు.