రాళ్ళ వెంబడి పొలి

గురువులు గునపంతో గుంత తవ్వుతున్నాడు. మోకాలి లోతు చాలని సర్వేయరు చెప్పినా వినకుండా, హద్దురాయి కదలకూడదని ఇంకో జానెడు దింపాడు. చెమటకు వీపంతా మట్టి అంటుకుంది. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో రాయి పడి ఊడిపోయి, మళ్ళీ సరిగా మొలవలేదు.

విశాఖపట్నం మునిసిపాలిటీ కార్పొరేషన్ అయిన ఏడు అది. గెడ్డపాలెం పట్నంలో కలిసింది. కలిసిందంటే మొత్తం కలిసిందనుకునేరు! నడుమ పారే వాగుకు, ఆ గెడ్డకు ఇవతలి ఊరు కలిసింది. కుళాయిలొస్తాయి, దీపాలొస్తాయి అన్నారు. అవతలి పేట మాత్రం పక్క పంచాయతీ పాలైంది. కాగితం మీద గీత గీసినవాడికి అక్కడ మనుషులున్నారని తెలుసో లేదో ఆ దేవుడికే ఎరుక. గురువులు ఇల్లు ఆ పేటలోనే. తన ఇంటిని ఊరికి కాకుండా చేసే రాయిని, రోజు కూలికి తనే పాతుతున్నాడు.

ఆ రోజే మరిడమ్మ పండగ. పండగనాడు పొలిమేర చుట్టూ పొలి చల్లాలి. పసుపూ మేకపోతు నెత్తురూ కలిపిన అన్నం గంపలో పెట్టుకుని, ఒకడు గీత పొడవునా గుప్పెడు గుప్పెడు బయటికి విసురుతూ తిరుగుతాడు. లోపలివాళ్ళను తల్లి కాస్తుంది. రోగం రొష్టూ బయటికి పోతాయి. ఆ గంప మోసే హక్కు తాతల నాటి నుంచీ గురువులు ఇంటిది. ఏడాది పొడుగునా "ఒరే" అని పిలిచేవాళ్ళు ఆ ఒక్క పూట దారిచ్చి పక్కకు నిలబడతారు. చంటిపిల్లల చేత కాళ్ళకు మొక్కిస్తారు. అతని బతుకులో చెప్పుకోదగ్గదంటూ ఉంటే అదొక్కటే.

గురునాథరావు గట్టు మీదికి వచ్చాడు. నిన్నటిదాకా సర్పంచి, రేపు కార్పొరేటరు కావాలని చూస్తున్నాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి.

"గురువులూ, ఈపాలి పొలి ఈ రాళ్ళెంటే సల్లాల. పేట మనది గాదిప్పుడు."

గురువులు గునపం ఆపాడు. "మనవరాలికి అమ్మోరు పోసింది బాబూ. కళ్ళిప్పట్లేదు."

"అందుకే సెప్తన్నాను. అది గెడ్డ దాటి ఊర్లోకి రాకూడదు."

గురువులు గునపానికంటిన మట్టి గీకాడు.

"నువ్వు మొయ్యలేకపోతే సెప్పు. ఎల్లారావున్నాడు."

ఎల్లారావు గురువులు పినతండ్రి కొడుకు. ఎన్నాళ్ళనుంచో ఆ గంప మీద కన్నేసినవాడు.

"నానే మోత్తాను," అన్నాడు గురువులు.

మధ్యాహ్నం స్నానం చేసి, తడిబట్టతో గంప ఎత్తుకున్నాడు. డప్పులు మోగాయి. జనం దారిచ్చారు. పొలి మోసేవాడు నోరు విప్పకూడదు, వెనక్కి చూడకూడదు. రాయి తర్వాత రాయి దాటుకుంటూ గెడ్డ దగ్గరికొచ్చాడు. ప్రతి ఏడూ అక్కడ నీళ్ళలో దిగి, పేట వెనకగా చుట్టి వచ్చేవాడు. అవతలి గట్టున కోడలు పోతమ్మ పిల్లను భుజాన వేసుకుని అతను అటు వస్తాడని ఎదురుచూస్తోంది.

"మావా, ఇటు రా."

పొద్దున పాతిన రాయి దగ్గర అతను ఆగిపోయాడు. డప్పులూ ఆగాయి. వెనక ఊరంతా ఉంది, ఎల్లారావూ ఉన్నాడు.

"మావా, మేం ఇటున్నాం."

ఛీ, ఏం బతుకు! ఆ గెడ్డలో నీళ్ళు మోకాళ్ళ లోతైనా లేవు. గురువులు గంపలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, గెడ్డ మీదుగా విసిరాడు. కొంత నీళ్ళలో పడింది, కొంత ఆమె కాళ్ళ దగ్గర పడింది. పోతమ్మ పిల్ల తల మీద కొంగు కప్పింది. అతను రాళ్ళ వెంబడి తిరిగిపోయాడు.

పొలి చల్లాక దీపాలు పెట్టే వేళదాకా ఎవరూ గీత దాటకూడదు. గీత లోపల గురువులుకి ఇల్లు లేదు. కాళ్ళకు మొక్కించినవాళ్ళంతా తలుపులు వేసుకున్నారు, అరుగు మీదికి రమ్మన్న పాపాన పోలేదు. గెడ్డ గట్టునే కూర్చుని, పిల్ల ఏడుపు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాడు. ఏమీ వినబడలేదు. చేసింది తప్పని అతనికి తెలుసు. వచ్చే ఏడు కూడా గంప తనదేనన్న సంతోషం లోపలెక్కడో ఉంది, అదీ తెలుసు. దానికే ఎక్కువ సిగ్గేసింది.

దీపాల వేళకు గెడ్డ దాటి వెళ్ళాడు. ఇంటి తలుపు తీసే ఉంది. పక్కింటి జోగమ్మ అడక్కుండానే చెప్పింది.

"పోతమ్మ తగరపువలస ఎల్పోనాది, కన్నోరింటికి. పిల్లనెత్తుకుని నడిసే ఎల్పోనాది. అమ్మోరు పోసిన పిల్లని బస్సెక్కనివ్వరు గదా."

"ఏటైనా అన్నాదా?"

"ఏటీ అన్లేదు బావా."

లోపల కుక్కిమంచం మీద వేపమండలు పరిచి ఉన్నాయి. నడిమధ్యన, మూడేళ్ళ పిల్ల పడుకున్నంత మేర ఆకు నలిగి ఉంది.